అక్కకి మెడల్, ఛైర్మన్ గారికి తాడు

మా అక్క మున్సిపాలిటీలో అత్యవసర విభాగం అధికారి. వరదొచ్చినా, మంట లేచినా, గాలికి చెట్టు కూలి కరెంటు తీగ మీద పడినా, ఎవరింట్లోనైనా పిల్లాడి తల బిందెలో ఇరుక్కున్నా ముందు కబురు వెళ్ళేది ఆవిడకే. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి "ముందుజాగ్రత్తమ్మ" అంటారు. ఎదురుగా అనరు. అంటే కోపం వస్తుందని కాదు. "అవును, గుర్తొచ్చింది, మీ ఇంట్లో గ్యాస్ గొట్టం మార్చి ఎన్నాళ్ళయింది?" అని అడుగుతుందని భయం.

నాది మైకులూ కుర్చీలూ అద్దెకిచ్చే షాపు. నా షాపుకి కూడా వచ్చి ఒక్కో వైరూ పట్టి చూస్తుంది. "తమ్ముడివి కదాని వదలనురా" అంటుంది. వదలదు కూడా.

ఆవిడ ఆఫీసు చూడాలి మీరు. మున్సిపల్ భవనం వెనకాల, సైకిల్ స్టాండుకీ నీళ్ళ మోటారు గదికీ మధ్య ఇరుక్కున్న గది. మోటారు వేసినప్పుడల్లా బల్ల మీద టీ గ్లాసు దానంతటదే నడుచుకుంటూ అంచు దాకా వస్తుంది. గోడకి తాళ్ళ చుట్టలు, మూలకి ఇసుక బస్తాలు, మధ్యలో గాలి తీసేసిన రబ్బరు పడవ. ఆ పడవ మీద కూర్చునే వచ్చినవాళ్ళు మాట్లాడాలి, వేరే కుర్చీ లేదు. సిబ్బంది ఇద్దరు. డ్రైవరుకి నీళ్ళంటే భయం. వైర్‌లెస్ ఆపరేటరు పెద్దాయన, చెవులు కాస్త మందం. ఎవరో "చెట్టు కూలింది సార్" అని చెబితే "చుట్టం పోయాడు సార్" అని విని, అయిదు నిమిషాలు ఓదార్చి ఫోను పెట్టేసిన మనిషి. ఇద్దర్నీ మార్చమని అక్కకి చాలామంది చెప్పారు. "వాళ్ళకి నేను అలవాటయ్యాను. కొత్తవాళ్ళు నన్ను భరించాలి కదా" అంటుంది.

ఇంట్లో కూడా అంతే. నెలకోసారి డ్రిల్లు. అక్క విజిల్ ఊదగానే ఎక్కడివాళ్ళు అక్కడ వదిలేసి వీధి చివరున్న పోస్టు డబ్బా దగ్గరికి చేరాలి. మా బావ దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. విజిల్ వినపడితే మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో, వెనకాల ఒక చెయ్యి మాత్రమే తొడుక్కున్న కోటుతో ఎవరో పెద్దమనిషితో సహా పరిగెత్తుకొస్తాడు. అక్క అత్తగారు మాత్రం ప్రతిసారీ ఫస్టు. ఎలాగా అని చూస్తే, విజిల్ ఊదకముందే వెళ్ళి పోస్టు డబ్బా దగ్గర కూర్చుంటోందని తేలింది.

"ఇది డ్రిల్లు కాదత్తయ్యా, కాపీ" అంది అక్క.

"ముందుజాగ్రత్త అంటే మరేంటమ్మాయ్?" అంది ఆవిడ.

అక్క ఆ నెల కూడా ఆవిడ పేరే ఫస్టు రాసుకుంది.

ఊరికి ఆనుకుని ఏరు ఉంది. ఏటి పక్కన లోతట్టు వీధి. ఒక ఏడాది వానలకి ఏరు ఉబ్బుతోంటే అక్క ఆ వీధి మొత్తాన్నీ పిల్లాజెల్లాతో హైస్కూలుకి తరలించింది. ఏరు వాళ్ళ గుమ్మాల దాకా వచ్చి, ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి వెళ్ళిపోయింది. "ఇదేనా నీ వరద?" అని జనం అక్క మీద విరుచుకుపడ్డారు. ఒకాయన బెంచీ మీద పడుకుని నడుం పట్టేసిందని పోట్లాటకొచ్చాడు. అక్క ఆయనకి నొప్పి మందు ఇచ్చి, రాసుకోవడం కూడా చూపించింది. మరుసటి ఏడాది మళ్ళీ పిలిస్తే అందరూ సణుక్కుంటూ వచ్చారు. ఈసారి ఏరు నిజంగానే లోపలికొచ్చేసి మంచాలు తేలిపోయాయి. ఒక్క మనిషికి కూడా గీత పడలేదు. నీళ్ళు తీశాక ఇళ్ళకి వెళ్తూ వాళ్ళు అక్కతో అన్న మాట ఏమిటంటే, "ఆ బెంచీలు మార్పించకూడదటమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కకి మాత్రం ఏమీ అనిపించలేదు. "నడుం నొప్పి గురించి మాట్లాడుతున్నారంటే బతికున్నారనే కదరా" అంది.

ఆ వీధిలోకి నీళ్ళు రావడానికి అసలు కారణం పెద్దకాలవ. సగం పూడిపోయింది, రోడ్డు కింద తూము మరీ ఇరుకు. బాగు చేయించమని అక్క ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఛైర్మన్ గారు ఒప్పుకోక కాదు, ఆయన దొరకడు. ఆయన గదిలో ఆయన తప్ప అందరూ ఉంటారు. "ఇప్పుడే వెళ్ళారు" అనో "ఇప్పుడే వస్తారు" అనో అంటారు. ఆ రెండింటి మధ్యా ఆయన ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

అలాంటి ఛైర్మన్ గారు ఒకరోజు అక్కని తనే పిలిపించాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఆ నెలలో ప్రతి ఊళ్ళోనూ అత్యవసర సిబ్బందిని సన్మానించి, వాళ్ళు పని చేస్తుండగా తీసిన ఫొటో పంపాలని పైనించి ఉత్తర్వు వచ్చిందట.

"నీకు మెడల్ ఇస్తున్నామమ్మా. మంచి ఫొటోలేమైనా ఉంటే ఇలా పడెయ్యి" అన్నాడు.

అక్క తన ఫోన్లో ఉన్నవి ఒక్కొక్కటే చూపించింది.

"ఇదేంటమ్మా, ఖాళీ వీధి?"

"వరద రాకముందే జనాన్ని పంపేశాం సార్."

"మరి ఇది? బడి కదూ. మంట ఏదీ?"

"పాత వైర్లు మార్పించేశాం సార్. అంటుకోలేదు."

"ఈ గోడ?"

"కూలేట్టుందని ముందే తీయించేసి కొత్తది కట్టించాం."

ఛైర్మన్ గారు ఆ గోడని చాలాసేపు ఆశగా చూశాడు. "కూలిపోతుండగా తీసింది లేదా?"

"లేదు సార్."

"నువ్వు ఏం చేసినా ఏమీ జరగడం లేదేంటమ్మా!" అన్నాడు పాపం, నిజంగానే బాధపడుతూ. ఫొటో స్టూడియో ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఎవరినైనా పైనించి తాడుతో దించుతున్నట్టు తీస్తే బ్రహ్మాండంగా ఉంటుందని సలహా పడేశాడు. ఛైర్మన్ గారి మొహం వెలిగిపోయింది.

"నన్ను దించండి!"

"ఇసుక బస్తాని దించుదాం సార్" అంది అక్క గాభరాగా.

"బస్తాని కాపాడితే ఎవరు చూస్తారమ్మా? ఛైర్మన్ని కాపాడితే ఊరంతా చూస్తుంది."

ఎంత చెప్పినా వినలేదు. ఛైర్మన్ గారు మనిషి మంచివాడే, పరిమాణమే కాస్త ఎక్కువ. ఇంటికి రాగానే అక్క చేసిన మొదటి పని మా బావని అడగడం. ఛైర్మన్ గారి బట్టలు కుట్టేది మా బావే.

"ఏవండీ, ఆయన నడుం కొలత ఎంత?"

బావ మిషను ఆపి, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నాడు. "నన్ను నమ్మి చేతులెత్తి నిలబడ్డ మనిషి కొలత బయటపెట్టనోయ్. భార్యకైనా సరే."

"తాడుకి కట్టే బెల్టు చాలక ఊడిపోతే?"

బావ కాసేపు ఆలోచించి, లేచొచ్చి అక్క చెవిలో చెప్పాడు. అక్క కళ్ళు పెద్దవయ్యాయి. మర్నాడు బెల్టుకి అదనంగా ఒక ముక్క కలిపి, జోడు కుట్టు వేయించింది. తాడుకి తోడు ఇంకో తాడు పెట్టింది, ఒకటి పట్టు తప్పినా రెండోది ఆపేలా. బస్తాలు కట్టి దించి చూసింది. ఛైర్మన్ గారికి సరిసమానంగా తూగడానికి ఎన్ని బస్తాలు కట్టాల్సి వచ్చిందో ఆవిడ నాకు చెప్పలేదు. వృత్తి ధర్మం బావ దగ్గర నేర్చుకుంది.

మెడల్ అంటే తనకేమీ పట్టనట్టే ఉండేది గానీ, ఆ వారమంతా యూనిఫాం ఎన్నిసార్లు ఇస్త్రీ చేసిందో. అద్దం ముందు నిలబడి రెండు ముక్కలు మాట్లాడటం ప్రాక్టీసు చేస్తోంటే నేను చూశాను. చేతిలో మెగాఫోన్ లేకపోతే మాట రావడం లేదు పాపం. చివరికి మెగాఫోన్‌తోనే "అందరికీ నమస్కారం" అంది, ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తిరిగి నమస్కారం పెట్టారు.

సన్మానం రోజు మున్సిపల్ భవనం ముందు జనం కిటకిటలాడిపోయారు. కుర్చీలు నావే. ముందు వరసలో అక్క అత్తగారు, ఇంటి గుమ్మం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే అత్యవసర సంచి ఆవిడ ఒళ్ళో. లోతట్టు వీధి వాళ్ళంతా వచ్చారు. ఛైర్మన్ గారు దిగుతూ దిగుతూ ఉపన్యాసం కూడా ఇస్తానంటే, ఆయన కాలరుకి వైరు లేని చిన్న మైకు తగిలించి, దాని డబ్బా జేబులో పెట్టాను. దాని మీద నించి అక్క బెల్టు బిగించింది.

డాబా మీద ముందుకి పొడుచుకొచ్చిన దూలం, దానికి కప్పీ. కప్పీ మీదుగా తాడు. కింద డ్రైవరూ, ఇంకో నలుగురూ తాడు పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతారు. డ్రైవరు హుషారుగా ఉన్నాడు, నీళ్ళు లేని పని కదా. "అత్యవసర సిబ్బందికి అభినందనలు" అని రాయించిన పొడుగాటి గుడ్డ బ్యానరుని కప్పీకి దూరంగా కుడివైపు గోడకి కట్టించింది అక్క. కానీ ఆవిడ కిందకి వెళ్ళి తాళ్ళు సరిచూస్తుండగా ఫొటో ఆయన డాబా ఎక్కి, అక్షరాలు ఛైర్మన్ గారి తల మీద పడాలని ఆ బ్యానరుని తెచ్చి సరిగ్గా కప్పీ కిందే కట్టేశాడు.

ఛైర్మన్ గారు పిట్టగోడ దాటి గాల్లోకొచ్చాడు. అందరూ చప్పట్లు. "ప్రియమైన ప్రజలారా!" అని నా స్పీకర్లలో మోగింది. "ఈనాడు ఒక అత్యవసర అధికారి చేతుల్లో నా ప్రాణాలు..." అనేసరికి గాలి ఒక్కసారి తోసింది. బ్యానరు కొస ఎగిరి తాడుతో పాటు కప్పీలోకి దూరింది. "అభినందనలు" అంతా చుట్టుకుపోయి కప్పీ బిగుసుకుపోయింది. ఛైర్మన్ గారు మొదటి అంతస్తు కిటికీ ఎదురుగా టక్కున ఆగిపోయాడు.

"...ఉన్నాయి" అన్నాడు ఆఖరికి.

జనం అంతా కెవ్వుమన్నారు. అక్క మాత్రం రెండో తాడు పట్టి చూసి, మెగాఫోన్ ఎత్తింది. "సార్, మీరు పడరు. రెండు తాళ్ళూ గట్టిగా ఉన్నాయి. ప్రమాదం ఏమీ లేదు. కాకపోతే కాసేపు రారు."

"కాసేపు అంటే?"

"నిచ్చెన తెప్పిస్తాను సార్" అని డ్రైవరు వైపు తిరిగింది. డ్రైవరు నేల చూపులు చూశాడు.

"నిచ్చెన ఛైర్మన్ గారింట్లో ఉంది మేడమ్. గోడలకి రంగులు వేయిస్తున్నారని పట్టికెళ్ళారు."

గాల్లోనే ఛైర్మన్ గారు పై జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశాడు. అవతలి మాట మాకు వినపడలేదు గానీ ఆయన మాట ఊరంతా వినపడింది. "నిచ్చెన పంపించు... ఆఁ, అర్జంటే... ఎవరెక్కి ఉన్నాడూ?... రెండో పూత అయ్యేదాకానా?... అది కాదే, నేను వేలాడుతున్నానే... ఎందుకంటే ఏం చెప్పను, సన్మానం!"

జనం పగలబడి నవ్వారు. నేను మైకు ఆపెయ్యబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. "వద్దురా. ఆయన మాట నాకు వినపడాలి. మాట తడబడితే కళ్ళు తిరుగుతున్నాయని తెలుస్తుంది."

ఆయన ఆగిన కిటికీ పన్నుల విభాగానిది. లోపల గుమాస్తా ఒకాయన అప్పుడే అన్నం డబ్బా మూత తీసుకుని కూర్చున్నాడు. తలెత్తి చూస్తే కిటికీ ఊచల అవతల ఛైర్మన్. ఏం చెయ్యాలో తోచక గబుక్కున లేచి నిలబడి, అలవాటు కొద్దీ, "రండి సార్, కూర్చోండి సార్" అన్నాడు.

"ఎక్కడ కూర్చోమంటావయ్యా!"

గుమాస్తా కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎటూ కదలకపోయేసరికి, మెల్లిగా బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. "సార్... ఎలాగూ వచ్చారు కదా. ఒక్క సంతకం. మీ గదికి వచ్చినప్పుడల్లా ఇప్పుడే వెళ్ళారంటున్నారు."

"ఇక్కడా?"

"ఇక్కడైతే మీరు ఎక్కడికీ వెళ్ళరు కదా సార్."

అది స్పీకర్లో విన్న జనానికి ఒక్కసారిగా బుర్ర వెలిగింది. ఎప్పుడూ దొరకని ఛైర్మన్ దొరికాడు! కుర్చీలు ఖాళీ అయిపోయాయి. అందరూ మెట్లెక్కి పన్నుల విభాగంలోకి పరుగు. అక్క అడ్డం పడింది. "మెట్ల మీద ఒకరి వెనక ఒకరు! ఎడం పక్క ఎక్కండి, కుడి పక్క దిగండి! తోసుకున్నారో, మిమ్మల్ని కూడా తాడుకి కట్టాల్సొస్తుంది!" ఏళ్ళ తరబడి ఆవిడ చేయించిన డ్రిల్లులు ఊరికే పోలేదు. ఎవరూ చెప్పకుండానే ముసలివాళ్ళు ముందు, పిల్లల తల్లులు తర్వాత, చక్కగా వరస కట్టేశారు.

ఇక చూడండి. ఒకావిడ తన వీధి కుళాయి సంగతి చెప్పింది, ఛైర్మన్ గారు ఊచల మధ్యనించి సంతకం పెట్టాడు. ఒక రిటైరైన మాస్టారు వీధి దీపం గురించి మొదలుపెట్టి దీపం పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగితే, వెనకాలవాళ్ళు "త్వరగా కానివ్వండి మాస్టారూ, ఆయన దిగిపోతే ఎలా?" అని తొందరపెట్టారు. ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి ఊరికే నిలబడ్డాడు.

"నీకేం కావాలయ్యా?" అన్నాడు ఛైర్మన్ గారు.

"నాకేం పని లేదు సార్. ఓటేశాను కదా, ఎలా ఉంటారో చూద్దామని."

ఇదంతా జరుగుతోంటే అక్కకి ఒకటే ధ్యాస, ఆయన కాళ్ళు. బెల్టులో ఎక్కువసేపు కదలకుండా వేలాడితే కాళ్ళకి రక్తం సరిగ్గా ఆడదు, అది మాత్రం నవ్వులాట కాదు. ఇంకో చిన్న తాడు కొసని ఉచ్చులా ముడేసి, గుమాస్తా చేత రెండో కొస ఊచలకి కట్టించి, ఉచ్చు బయటికి అందించి, అందులో పాదం పెట్టి మధ్యమధ్యలో నిలబడమంది. "ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నట్టు కాళ్ళాడించండి సార్!" అని మెగాఫోన్‌లో అరిచింది. ఛైర్మన్ గారు గాల్లో సైకిల్ తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కుతూనే సంతకాలు. కింద పిల్లలు "స్పీడ్! స్పీడ్!" అని కేకలు. అత్తగారు అత్యవసర సంచి విప్పేసి అందులో దాచిన బిస్కెట్లు జనానికి పంచేస్తోంది. అక్క గుర్రుగా చూస్తే, "ఇంతకంటే అత్యవసరం ఇంకెప్పుడొస్తుందమ్మాయ్!" అంది.

నేను అక్క చెవి దగ్గర చేరాను. "అక్కా, పెద్దకాలవ సంగతి అడగవే! ఇప్పుడడిగితే ఏదైనా ఇస్తాడు."

"నోర్మూసుకోరా."

ఛైర్మన్ గారికే అనుమానం వచ్చింది. ఊరందరూ అడిగారు, ఈవిడ మాత్రం అడగలేదు. "అమ్మా, నువ్వేమీ అడగవేంటి?"

"కాళ్ళు తిమ్మిరెక్కాయా సార్?"

"లేదు."

"వేళ్ళు కదపగలుగుతున్నారా?"

"ఆఁ."

"అంతే సార్. ఇంకేమీ అక్కర్లేదు."

లోతట్టు వీధి వాళ్ళు ఊరుకుంటారా? "పెద్దకాలవ! పెద్దకాలవ!" అని గోల. అక్క మెగాఫోన్ వాళ్ళ మీదకి తిప్పింది. "తాడుకి వేలాడే మనిషి దగ్గర మాట తీసుకుంటారా? సిగ్గు లేదూ! ఆయన కింద నిలబడ్డాక అడుగుదాం. అప్పుడు ఇస్తే అది మాట." వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. కుళాయి ఆవిడ మాత్రం తన కాయితం బొడ్లో దోపేసుకుంది.

కప్పీలో చుట్టుకున్న గుడ్డ తీస్తే గానీ తాడు కదలదు. లాగి చూశారు, రాలేదు. కోసెయ్యాలి. గుడ్డనే కోయాలి, తాడుకి గాటు కూడా పడకూడదు. అంత నాజూకుగా కత్తెర ఆడించేది ఊళ్ళో ఒక్కడే. అక్క బావని పిలిచి, నడుంకి తాడు కట్టి, తను పట్టుకుని డాబా అంచుకి పంపింది. నేనూ పైకెళ్ళి బావ కాళ్ళు పట్టుకున్నాను.

బావ ముందుకి వంగి బ్యానరు గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "మంచి గుడ్డరా ఇది. కుట్టు దగ్గర విప్పేస్తే పాడవకుండా వస్తుంది."

"బావా, కొయ్యి!"

"కొయ్యడం ఎంతసేపు. తర్వాత అతికితే అందం ఉండదు."

అక్క వెనకనించి, "ఏవండీ! కిందనున్నది ఎవరో గుర్తుందా?"

"తెలుసోయ్. ఇంకా రెండు చొక్కాలు ఆయన పట్టుకెళ్ళలేదు" అన్నాడు బావ. అని, మెడలో టేపు తీసి గుడ్డని కొలిచాడు. ఒట్టు, కొలిచాడు! నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కొలిచాక మాత్రం పని చకచకా జరిగిపోయింది. కత్తెర మొన తాడు పక్కనే వెళ్తోంది గానీ తాడుని తాకలేదు. "అభి" ఒక ముక్కగా, "నందనలు" ఇంకో ముక్కగా ఊడొచ్చాయి. కప్పీ కిర్రుమంది.

"వస్తున్నా!" అని స్పీకర్లో గావుకేక. అక్క ఒక్క అంగలో పిట్టగోడ దగ్గరికొచ్చి, "నెమ్మదిగా... నెమ్మదిగా..." అని చెబుతోంటే కిందవాళ్ళు తాడు వదిలారు. కిటికీ దగ్గర వరసలో ఇంకా మిగిలిపోయినవాళ్ళు "అయ్యో!" అన్నారు, నిజమైన బాధతో. గుమాస్తా లేచి నిలబడి నమస్కారం పెట్టి, అన్నం డబ్బా ముందు కూర్చున్నాడు.

ఛైర్మన్ గారు ఇసుక బస్తాల మీద కూలబడ్డాడు. అక్క మెట్లు దిగొచ్చి బెల్టు విప్పి, వెంటనే లేవనివ్వకుండా కూర్చోబెట్టి, నాడి చూసి, మంచినీళ్ళు పట్టింది. ఆయన కాళ్ళు ఇంకా వాటంతటవే సైకిల్ తొక్కుతున్నాయి. కాసేపటికి తేరుకుని, మెడల్ తెమ్మన్నాడు. ఒక చేత్తో ఆయన మెడల్ ఇస్తోంటే అక్క ఆ చేతి మణికట్టు పట్టుకుని ఇంకా నాడి లెక్కపెడుతూనే ఉంది. ఫొటో ఆయన అది తీశాడు. పైకి పంపింది ఆ ఫొటోనే. సన్మానగ్రహీత మొహంలో అంత దీక్ష ఇంకెక్కడా చూడలేదని పైవాళ్ళు మెచ్చుకున్నారట.

"ఇప్పుడు అడుగు" అన్నాడు ఛైర్మన్ గారు. "నేలమీదే ఉన్నాను."

"పెద్దకాలవ సార్" అంది అక్క.

అక్కడికక్కడే సంతకం పెట్టాడు. కాళ్ళింకా సైకిల్ తొక్కుతూనే ఉండటంతో ఆ సంతకం బ్యాంకులో కూడా చెల్లనట్టు వచ్చింది. మర్నాడు మళ్ళీ పెట్టమంటే, "ఏ అంతస్తు?" అని కనుక్కుని మరీ వచ్చి పెట్టాడు. తర్వాత సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. వానలు మొదలవకముందే కాలవ తవ్వించారు, తూము వెడల్పు చేశారు. ఆ ఏడాది ఏరు ఉబ్బింది గానీ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఛైర్మన్ గారు గదిలో కూడా దొరకడం మొదలుపెట్టాడు. గదిలో దొరక్కపోతే జనం మళ్ళీ ఎక్కడ పట్టుకుంటారోనని కావచ్చు.

ఆ సాయంత్రం కుర్చీలన్నీ బండికెక్కించి, నేనూ అక్కా బావా నడిచి ఇంటికి బయల్దేరాం. అక్క మాటా పలుకూ లేకుండా నడుస్తోంది. ప్రాక్టీసు చేసిన రెండు ముక్కలూ చెప్పే వీలే దొరకలేదు కదా, అదీ బాధ అనుకున్నాను. బావ చంకలో "నందనలు" చుట్ట. పారెయ్యలేక తెచ్చుకున్నాడు.

"దీంతో రెండు సంచులు వస్తాయి" అన్నాడు ఉన్నట్టుండి. "కావాలంటే ఛైర్మన్ గారికొక జేబు కూడా."

అక్క ఆగిపోయింది. పెదవులు బిగబట్టింది. ముక్కులోంచి ఒక వింత చప్పుడొచ్చింది. "రండి సార్, కూర్చోండి సార్" అని తనలో తను అనుకుంది. అంతే. ఇంక ఆపుకోలేకపోయింది. పొద్దుటినించీ బిగపట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చేసింది. పుస్తకాల షాపు మెట్ల మీద చతికిలబడి, కడుపు పట్టుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. నా జన్మలో అక్క అలా నవ్వగా చూడలేదు. నాకూ ఆగలేదు. బావ "ఏమైందోయ్, నేనేం అన్నాను?" అంటాడు, ఆవిడ ఇంకా నవ్వుతుంది.

దారిన పోతున్న ఒక పెద్దాయన కంగారుగా ఆగాడు. యూనిఫాంలో ఉన్న ఆడమనిషి మెట్ల మీద పడి ఊగిపోతోంటే ఎవరైనా కంగారుపడతారు. మమ్మల్ని అడుగుదామంటే మేమూ మాట్లాడే స్థితిలో లేం. ఆయన ఫోను తీసి అత్యవసర నంబరు కొట్టాడు. ఆఫీసు వేళ దాటితే ఆ నంబరు నేరుగా అక్క ఫోనుకే వస్తుంది.

అక్క జేబులో ఫోను మోగింది. చప్పున కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని ఎత్తింది. "అత్యవసర విభాగం. చెప్పండి, ఎక్కడ?"

"పుస్తకాల షాపు దగ్గరండీ. ఎవరో ఆవిడ మెట్ల మీద పడి..." అంటూ పెద్దాయన అక్క వైపే చూస్తూ, ఆవిడ చెవి దగ్గరున్న ఫోను చూసి, మాట ఆపేశాడు.

"ఆవిణ్ణి కదపకండి" అంది అక్క, ఆయన కళ్ళలోకి చూస్తూ, ఫోన్లోనే. "గాలి ఆడనివ్వండి. తగ్గడానికి కాస్త టైము పడుతుంది." ఫోను పెట్టేసి, మళ్ళీ మొదలుపెట్టింది.